మియోసిస్ బిట్లు: దశల పేర్లకన్నా ముందు సెంట్రోమియర్ల లెక్క

నీట్‌కీ ఈఏపీసెట్‌కీ చదువుతున్న శ్రీకాకుళం, విజయనగరం మిత్రులకి.

లెప్టోటీన్ నుంచి డయాకైనెసిస్ దాకా దశల పేర్లు అందరూ గడగడా అప్పజెప్పేస్తారు. క్షయకరణ విభజనలో (అదే మియోసిస్, క్రోమోజోముల సంఖ్యని సగం చేసే కణవిభజన) మార్కులు పోయేది లెక్క దగ్గర. క్రోమోజోములు ఎన్నో తెలియాలంటే సెంట్రోమియర్లు (క్రొమాటిడ్లని కలిపి ఉంచే ముడులు) లెక్కపెట్టండి, డీఎన్‌ఏ ఎంతో తెలియాలంటే క్రొమాటిడ్లు (క్రోమోజోములోని పోగులు) లెక్కపెట్టండి. సగం బిట్లు దీంతోనే తేలిపోతాయి.

బిట్ బ్యాంకుల్లో ఎప్పుడూ ఉల్లిపాయే. మనం ఉద్దానం కొబ్బరి తీసుకుందాం. ద్వయస్థితిక సంఖ్య, అంటే మామూలు దేహకణంలో ఉండే క్రోమోజోములు, 32. పుప్పొడి మాతృకణంలో ఎస్ దశ (డీఎన్‌ఏ రెట్టింపయ్యే దశ) దాటాక క్రొమాటిడ్లు 64 అవుతాయి, క్రోమోజోములు మాత్రం 32 దగ్గరే ఉంటాయి. ఇక్కడే చాలామంది 64కి టిక్కు పెట్టేస్తారు. సెంట్రోమియర్ చీలనిదే సంఖ్య ఎలా పెరుగుతుంది? జైగోటీన్‌లో సూత్రయుగ్మనం (సమజాత, అంటే ఒకే రకం క్రోమోజోములు జతకట్టడం) జరిగి 16 బైవలెంట్లు (జతలు) వస్తాయి. మొదటి అనాఫేజ్‌లో (ధ్రువాల వైపు లాగే దశలో) జతలు విడిపోతాయి గానీ సెంట్రోమియర్లు చీలవు. ఒక్కో ధ్రువానికి 16 క్రోమోజోములు, 32 క్రొమాటిడ్లు చేరతాయి. ఇంటర్‌కైనెసిస్‌లో (రెండు విభజనల మధ్య విరామంలో) డీఎన్‌ఏ ప్రతికృతి లేదు. రెండో అనాఫేజ్‌లో సెంట్రోమియర్లు చీలాక సూక్ష్మసిద్ధబీజానికి (పుప్పొడి రేణువు అయ్యే కణానికి) 16. డీఎన్‌ఏ వరస 2సీ, 4సీ, 2సీ, 1సీ (1సీ అంటే ఒక్క సెట్ క్రోమోజోముల డీఎన్‌ఏ). అన్నట్టు, కొబ్బరినీళ్లు అంకురచ్ఛదం (పిండానికి ఆహారమిచ్చే భాగం) కదా, అందులో ఒక్కో కేంద్రకానికి మూడు సెట్లు, అంటే 48. రెండు చాప్టర్లు కలిపి అడగడానికి అనువైన చోటు ఇది.

వినిమయం (క్రాసింగ్ ఓవర్, క్రొమాటిడ్లు ముక్కలు మార్చుకోవడం) చదవడం కాదు, గీయాలి. నీలం, ఎరుపు పెన్నులతో ఒక పొడుగు జత, ఒక పొట్టి జత గీసి నాలుగు కణాలు వచ్చేదాకా లాక్కెళ్లండి. ముక్క మారేది సోదరి క్రొమాటిడ్ల మధ్య కాదు, సమజాత క్రోమోజోముల క్రొమాటిడ్ల మధ్య. ఒక వినిమయంలో పాల్గొనేవి నాలుగింటిలో రెండే, కాబట్టి రెండు పునస్సంయోజితాలు (కొత్త కలయికలు), రెండు జనక రకాలు (పాతవి). బొమ్మలో నాలుగు కొనలూ రంగు మారాయంటే ఆ ఒక్క వినిమయాన్ని తప్పు గీశారన్నమాట. వినిమయం జరిగేది పాకిటీన్‌లో, కయాస్మాలు (ముక్కలు మారిన చోట ఎక్స్ ఆకారంలో ఉండే అతుకులు) కనబడేది డిప్లోటీన్‌లో. ఈ రెంటినీ తారుమారు చేసి ఆప్షన్లు ఇస్తారు, జాగ్రత్త.

ఒక జత విడిపోకపోతే? తప్పు మొదటి అనాఫేజ్‌లో జరిగితే నాలుగు కణాలూ చెడతాయి: రెంటిలో ఒకటి ఎక్కువ, రెంటిలో ఒకటి తక్కువ. రెండో అనాఫేజ్‌లో, ఒకే కణంలో జరిగితే రెండు కణాలు బాగానే ఉంటాయి.

చివరగా, 100 వరి గింజలకి ఎన్ని క్షయకరణ విభజనలు? ఒక్కో గింజకి ఒక పుప్పొడి రేణువు, ఒక అండం కావాలి. పుప్పొడి మాతృకణం ఒక్కోటి 4 రేణువులిస్తుంది, అంటే 25 చాలు. స్త్రీ వైపు నాలుగింటిలో మూడు నశిస్తాయి, అందుకని 100 కావాలి. మొత్తం 125. ప్రశ్నలో గింజలు కాకుండా పుప్పొడి రేణువులు అని ఉంటే 25 దగ్గరే ఆగిపోండి.