నోటిపూత అనుకున్నది పెంఫిగస్

పెంఫిగస్ అనే పేరు వినడానికి ముందు చాలా నెలల పాటు మా ఇంట్లో అందరం దాన్ని నోటిపూత అనే అనుకున్నాం. బుగ్గల లోపల, చిగుళ్ల మీద తెల్లటి పొర లేచేది. అది ఊడిపోయాక అడుగున ఎర్రటి పచ్చిపుండు. ఒంట్లో వేడి అన్నారు. సబ్జా గింజలు, మజ్జిగ, బీకాంప్లెక్స్ మాత్రలు, నోట్లో రాసుకునే జెల్ అన్నీ అయిపోయాయి. ఒక పళ్ల డాక్టరు, పంటి అంచు గీసుకుంటోందని ఆ పన్ను అరగదీశారు. మామూలు నోటిపూత వారం పది రోజుల్లో దానంతటదే మానిపోతుంది. నాకు ఒకచోట మానేలోపే ఇంకోచోట లేచేది. చారులో మిరియాల ఘాటు కూడా ఓర్చుకోలేక, చల్లటి పెరుగన్నం మెత్తగా పిసికి మింగేదాన్ని.

నేను తెనాలిలో ఇంటి దగ్గరే బ్లౌజులు కుడతాను. కొన్నాళ్లకు కత్తెర ఒరుసుకునే బొటనవేలి మొదట్లో, లంగా బొందు బిగిసే నడుము చుట్టూ నీటిపొక్కులు లేవడం మొదలైంది. అవి బిగువుగా ఉండేవి కావు. వేలు ఆనిస్తే లోపలి నీరు పక్కకు జరిగేది. పొద్దున లేచిన పొక్కు సాయంత్రానికి చితికి, పైతోలు ముడతపడి జారిపోయేది. ఆ తడి పుండుకు జాకెట్టు అతుక్కుంటే విడదీయడానికి నీళ్లు చల్లి తడపాల్సి వచ్చేది.

పక్కింటి పిన్నిగారు సర్పి అన్నారు, ఆకుపసరు వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తానన్నారు. అత్తయ్య అమ్మవారేమోనని వేపమండలు తెచ్చి మంచం పక్కన పెట్టారు. ఇద్దరిదీ ప్రేమే. కానీ సర్పి ఒక నరం దారి పట్టుకుని ఒంట్లో ఒక పక్కనే వస్తుంది. అమ్మవారు జ్వరంతో వచ్చి కొద్ది రోజుల్లో ఎండిపోతుంది. నాకు రెండు పక్కలా వస్తోంది, ఎండడం లేదు. ఒక క్లినిక్‌లో అలర్జీ అని ఇంజెక్షన్ చేశారు. నాలుగు రోజులు హాయిగా ఉంది, తర్వాత రెట్టింపుగా లేచింది. ఆ ఇంజెక్షన్ ఏమిటో చీటీ మీద రాయలేదు. తర్వాత చూసిన డాక్టర్లకు అది తెలిసి ఉంటే ఎంతో పనికొచ్చేదని ఇప్పటికీ బాధ.

చివరికి గుంటూరులో చర్మవ్యాధుల ఓపీకి వెళ్లాం. డాక్టరమ్మ ఒంటి మీద పొక్కుల కంటే ముందు నా నోరు చూశారు, టార్చి వేసి చాలాసేపు. తర్వాత "కొంచెం నొప్పిగా ఉంటుందమ్మా" అని చెప్పి, పొక్కు పక్కన బాగున్న చర్మం మీదే బొటనవేలు పెట్టి గట్టిగా రుద్దారు. పైతోలు కదిలి జారింది. దాన్ని నికోల్‌స్కీ సైన్ అంటారట. పందొమ్మిదో శతాబ్దం చివర్లో దీన్ని వర్ణించిన రష్యా డాక్టరు ప్యోత్ర్ నికోల్‌స్కీ పేరు మీద వచ్చింది. కొత్త పొక్కు ఒకటి విప్పి, దాని అడుగును గీరి గాజు పలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూశారు. అది జాంక్ స్మియర్. ఒకదానికొకటి అతుక్కుని ఉండాల్సిన కణాలు విడిపోయి, గుండ్రంగా, ఒంటరిగా కనిపించాయి.

బయాప్సీకి రెండు ముక్కలు తీశారు. పొక్కు అంచు నుంచి తీసింది ఫార్మలిన్‌లో వేశారు. పక్కన బాగున్న చర్మం నుంచి తీసింది వేరే ద్రవంలో వేశారు, ఎందుకంటే చర్మంలో అతుక్కున్న యాంటీబాడీలను మెరిసే రంగుతో చూపించే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షకు, ఫార్మలిన్ తగిలితే ముక్క పనికిరాదు. ఎవరికైనా ఈ పరీక్ష రాస్తే, రెండో ముక్క ఏ సీసాలో వేస్తున్నారో అడగడంలో తప్పు లేదు.

పెంఫిగస్ అని రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీశారు. నన్ను నిలబెట్టింది ఆ బొమ్మే. చర్మానికి పైన ఎపిడెర్మిస్, దాని కింద డెర్మిస్, అడుగున కొవ్వు. ఒంట్లో చాలాచోట్ల ఎపిడెర్మిస్ మందం 0.1 మిల్లీమీటరు దగ్గర్లో ఉంటుంది, అరచేతుల్లో, అరికాళ్లలో ఎక్కువ. అందులో రక్తనాళాలు ఉండవు. దాని అట్టడుగు వరసలో, అంటే బేసల్ పొరలో, కొత్త కణాలు పుడతాయి. అవి పైకి జరుగుతూ, కెరటిన్‌తో గట్టిపడి, చివరికి రాలిపోతాయి. రక్తనాళాలు, చెమట గ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు, నరాల్లో ఎక్కువ భాగం డెర్మిస్‌లో ఉంటాయి.

ఎపిడెర్మిస్ కణాలను పట్టి ఉంచేవి డెస్మోజోములు. "నువ్వు జాకెట్లకు ప్రెస్ బటన్లు కుడతావు కదా, అలాంటివే" అన్నారు డాక్టరమ్మ. ఆ బటన్లలో డెస్మోగ్లీన్ అనే ప్రొటీన్ ఉంటుంది. మన ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలు దాన్ని శత్రువనుకుని పట్టుకుంటాయి. కణాలు ఊడతాయి, ఆ సందులో నీరు చేరుతుంది. నోట్లో ఎక్కువ పని చేసేది డెస్మోగ్లీన్ 3. అందుకే చాలామందిలో జబ్బు నోట్లోనే మొదలవుతుంది. డెస్మోగ్లీన్ 1 మీద కూడా యాంటీబాడీలు తయారైతే ఒళ్లంతా వస్తుంది.

నా రిపోర్టులో పొర విడిపోయింది సరిగ్గా బేసల్ కణాల పైన. ఆ వరస మాత్రం కదలకుండా డెర్మిస్‌ను పట్టుకునే ఉంది. "కింద నేల బాగానే ఉందమ్మా, మళ్లీ చర్మం వస్తుంది, గుంటలు పడవు" అన్నారు. అన్ని నెలల్లో నాకు ధైర్యంగా అనిపించిన మొదటి మాట అది. కేస్ షీటులో రాసేవి కూడా అక్కడి నుంచి అర్థం కాసాగాయి. అర సెంటీమీటరు దాటిన నీటిపొక్కు బుల్లా, దానికంటే చిన్నది వెసికిల్. ఎపిడెర్మిస్ వరకే పోతే ఎరోషన్, డెర్మిస్ దాకా దిగితే అల్సర్. నావి ఎరోషన్లు. నన్ను చేర్చుకున్న వార్డులో ఒక పెద్దాయనకు పొక్కులు గట్టిగా, బిగువుగా ఉండేవి. ఆయనది బుల్లస్ పెంఫిగాయిడ్. అందులో ఎపిడెర్మిస్ మొత్తంగా డెర్మిస్ నుంచి లేస్తుంది, కప్పు మందంగా ఉండటం వల్ల తొందరగా చితకదు.

వార్డులో ఉన్న రోజుల్లో అన్నిటికంటే మేలు చేసినవి అరటాకులు. దుప్పటి పుండుకు అతుక్కుంటుంది, అరటాకు అతుక్కోదు, చల్లగా ఉంటుంది. శుభ్రం చేసి వాజలిన్ రాసిన ఆకుల మీద పడుకోబెట్టేవారు. పొద్దున పూట సిస్టర్ లేత గులాబీ రంగు పొటాషియం పర్మాంగనేటు నీళ్లలో గుడ్డ ముంచి పుండ్ల మీద వేసేవారు. రంగు ముదిరితే చర్మం కాలుతుందని ప్రతిసారీ గ్లాసులో పోసి వెలుతురుకు పట్టి చూసేవారు. పెద్ద ఎత్తున తోలు పోయినప్పుడు ఒంట్లో నీరు పోతుంది, ఇన్ఫెక్షన్ పట్టుకుంటుంది. స్టెరాయిడ్ మందులు రాకముందు ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమంది బతికేవారు కాదని తెలిసినప్పుడు ఆ సిస్టర్ జాగ్రత్త విలువ తెలిసింది.

బరువును బట్టి ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు. 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పస్రిచా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను, రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోఫాస్ఫమైడ్‌ను కలిపి సెలైన్‌లో ఇచ్చే పల్స్ చికిత్సను తీసుకొచ్చారట, మన దేశంలో ఎంతోమంది దానితో కోలుకున్నారు. సైక్లోఫాస్ఫమైడ్ అండాశయాలను దెబ్బతీయవచ్చు కనుక, ఇంకో బిడ్డ కావాలనుకుంటున్న నాకు రిటుక్సిమాబ్ రాశారు. యాంటీబాడీలు తయారుచేసే వ్యవస్థలోని బి కణాలను తగ్గించే మందు అది. ముందు హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి, టీబీ పరీక్షలు చేశారు. మందు పూర్తయ్యాక ఏడాది పాటు గర్భం రాకుండా చూసుకోమన్నారు. రెండు వారాల తేడాతో రెండుసార్లు ఎక్కించారు. మొదటిసారి చలి, వణుకు వచ్చి డ్రిప్ నెమ్మది చేశారు.

కోలుకోవడం ఒక వరసలో జరిగింది. ముందు కొత్త పొక్కులు ఆగాయి. తర్వాత పాత పుండ్లు అంచుల నుంచి లోపలికి ఎండుతూ వచ్చాయి. నోరు అన్నిటికంటే ఆలస్యం. పుండు మానినచోట గోధుమ రంగు మచ్చలు మిగిలాయి. బేసల్ పొరలోని రంగు డెర్మిస్‌లోకి రాలడం వల్ల వచ్చేవి, నెలల మీద పలచబడుతున్నాయి. స్టెరాయిడ్‌తో మొహం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ పెరిగింది, ఎముకల కోసం కాల్షియం వేసుకుంటున్నాను.

జబ్బుకంటే ఎక్కువ కష్టపెట్టింది, కుట్టడానికి ఇచ్చిన బట్టలు కొందరు వెనక్కి తీసుకెళ్లడం. "అంటుకుంటుందేమోనని" అనేవారు. పెంఫిగస్ అంటుకోదు. ముట్టుకున్నా, ఒకే కంచంలో తిన్నా రాదు. మా ఆయన డాక్టరమ్మ గీసిన బొమ్మను లామినేషన్ చేయించి మిషను పైన గోడకు పెట్టారు. అడిగినవాళ్లకు దాన్ని చూపించి చెబుతాను. కొందరు మళ్లీ వస్తున్నారు.

ప్రెడ్నిసలోన్ ఒక్కసారిగా మానేస్తే, ఒంట్లో సొంతంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తట్టుకోలేవు కాబట్టి కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు. ఎడమ వైపు చిగురు మీద ఒకచోట ఇంకా పొర లేస్తోంది, రాత్రిపూట అక్కడ స్టెరాయిడ్ జెల్ రాస్తున్నాను. అది మానితే వచ్చే రివ్యూలో మాత్ర సగానికి దించుతామన్నారు.