మా పచ్చ తురాయి – నా అనుభవం

మా ఇంటి ముందు చెట్టు ఈమధ్యే తొలిసారి పూసింది. గుల్‌మొహర్ (ఎర్ర తురాయి) అనుకుని ఆరేళ్ళుగా ఎర్రని పూల కోసం ఎదురుచూసిన నాకు కొమ్మకొమ్మకూ పసుపు పూలు కనిపించాయి. ఆ ఉడుకు చల్లారకముందే ఇది రాస్తున్నాను.

2019 జులైలో గుంటూరు శివారున ఒక నర్సరీలో ఈ మొక్క కొన్నాను. రెండడుగుల గొయ్యి తీయించి, పశువుల ఎరువు కలిపి నాటి, మొదటి రెండు వేసవులూ నీళ్ళు పోశాను. పెంపకంలో అంతకు మించి చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు.

కష్టమంతా పేరుతోనే వచ్చింది. వైశాఖం వచ్చేసరికి మా వాకిట ఎర్రగొడుగు విప్పినట్టుంటుందని వీధిలో అందరికీ చెప్పి ఉన్నాను. రెండేళ్ళ క్రితం మా వీధిలోని వృక్షశాస్త్ర అధ్యాపకులు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దాయన, చెట్టు దగ్గర ఆగి, “ఇది గుల్‌మొహర్ కాదేమోనండీ, చిగుళ్ళు చూడండి, తుప్పు పట్టినట్టున్నాయి” అన్నారు. నేను ఆ చిగుళ్ళవైపు చూడనైనా చూడకుండా, గుల్‌మొహర్ మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టనీ, దాని ఐదు రేకులలో ఒకదానిపై మాత్రమే తెల్లని చారలుంటాయనీ ఆయనకే పాఠం చెప్పాను. ఆయన నవ్వి వెళ్ళిపోయారు.

పూలు విచ్చిన మరునాడు పాత బిల్లు వెతికి తీసి నర్సరీకి వెళ్ళాను. వేరే మొక్క అంటగట్టి ఆరేళ్ళు వృథా చేశారని, పదిమంది కొనుగోలుదారుల ఎదుట గొంతు పెంచాను. యజమాని బిల్లు అందుకుని, కళ్ళజోడు సవరించుకుని, అందరికీ వినబడేలా చదివాడు: “పచ్చ తురాయి, ఒకటి.” అప్పుడు గుర్తొచ్చింది. ఆనాడు మొక్కలిచ్చే కుర్రవాడు “పచ్చదాండీ?” అని అడిగితే, వాడిపోని మొక్క కావాలా అంటున్నాడనుకుని, “అవునయ్యా, పచ్చగా ఉన్నదే ఇవ్వు” అన్నది నేనే. పసుపునూ ఆకుపచ్చనూ ఒకే మాటతో పిలిచే మన భాషలో వ్యాపారం చేసేవాడు, పూల రంగు గురించి ఇంకొక్క ప్రశ్న అడిగితే అతని సొమ్మేం పోయేదని ఇప్పటికీ నా వాదన. అక్కడ మాత్రం నోరు పెగల్లేదు. “పూశాయి కదండీ, ఇంకేం కావాలి?” అని ఆ కుర్రవాడే అన్నప్పుడు వెనుక ఎవరో కిసుక్కున నవ్వారు.

ఇంటికొచ్చి, అధ్యాపకులుగారిని పిలిచి, మొదటిసారి ఆ చెట్టును నిజంగా చూశాను. పచ్చ తురాయి చిగురు మీద తుప్పు రంగు నూగు ముఖమల్‌లా ఉంటుంది. మొగ్గలదీ అదే రంగు, పూలగుత్తులు కొమ్మల కొసన నిటారుగా నిలుస్తాయి. ఎర్ర తురాయికి ఆ నూగు ఉండదు. దాని కాస్త ఎదిగిన మొక్కలో ఆకుకాడ మొదట్లో చిన్న ఈకలవంటి చిట్టి ఆకులు (పత్రపుచ్ఛాలు) కనిపిస్తాయి. కాయలు చూస్తే అనుమానానికి తావే లేదు: ఎర్ర తురాయివి పిల్లలు కత్తులాడుకునేంత పొడవు, పచ్చ తురాయివి వేలెడంత పలుచని రాగిరంగు కాయలు. పూత రాకముందు మొక్క కొనేవారు దగ్గరలో ఉన్న తల్లిచెట్టు కాయ చూపించమని అడగాలి. బిల్లును నమ్ముకోకూడదు, నమ్మినా ముందు చదువుకోవాలి.

నీడ విషయంలో ఈ చెట్టును తప్పుపట్టలేను. ఎర్ర తురాయి ఎండలు ముదిరే వేళకు ఆకు రాల్చి మోడై నిలుస్తుంది. మాది ఆ రోజుల్లోనూ వాకిలిని కాస్తోంది. ఈ మాట వీధిలో ఇప్పటికే నలుగురికి చెప్పాను.

అయినా ఎరుపు మీద ఆశ పోలేదు. రోడ్డు పక్క చెట్టు కింద ఎండుకాయ ఏరి తెచ్చి, గింజల పైపెంకును గరుకు కాగితంతో రుద్ది, వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టాను. మూడు మొలిచాయి. చిగుళ్ళలో తుప్పు రంగు లేదని అధ్యాపకులుగారితో ముందే చూపించి ఒప్పించుకున్నాను. ఎక్కడ నాటాలన్నది మాత్రం తేలలేదు. వాకిట ఉన్న చోటంతా పచ్చ తురాయిదే.