జార్జియానాకు తెలియనివి: నా ఎం.ఏ. ప్రాజెక్టు అనుభవం

ఎం.ఏ. ఇంగ్లీషు చివరి సెమిస్టరు ప్రాజెక్టుకు అమెరికన్ రచయిత నథానియల్ హాథార్న్ కథల్లోని శాస్త్రవేత్తలను ఎంచుకున్నాను. వాటిలో ముఖ్యమైనది 1843లో వచ్చిన 'ది బర్త్-మార్క్'. భార్య జార్జియానా ఎడమ చెంప మీద చిన్న చేతి ఆకారంలో ఉన్న పుట్టుమచ్చ శాస్త్రవేత్త ఎయిల్మర్ కంట్లో నలుసైపోతుంది. దాన్ని పోగొట్టడానికి మందు తయారుచేసి ఇస్తాడు. మచ్చ పోతుంది, ఆమె ప్రాణమూ పోతుంది.

సినాప్సిస్ చూసి మా గైడ్ అడిగారు: "ఆమె ఇష్టపడే తాగింది కదమ్మా, ఇక అతని తప్పేమిటి?"

జవాబు విమర్శ గ్రంథాల్లో వెతకకుండా కథనే సన్నివేశాలుగా విడగొట్టి పట్టిక గీసుకున్నాను. ఒక గడిలో ఎయిల్మర్‌కు తెలిసినవి, పక్క గడిలో జార్జియానాకు తెలిసినవి. హాథార్న్ పొడవాటి వాక్యాలను విప్పుకుంటూ చదవడం నెమ్మదిగా సాగినా, గడులు నిండేకొద్దీ తేడా కళ్లకు కట్టింది. మొదట్లో ఆమెకు ఆ మచ్చ అందమనే నమ్మకం, నలుగురూ అలాగే అనేవారు. భర్త దాన్ని చూసి వణికిపోవడం మొదలయ్యాకే ఆమెకూ అది అసహ్యమైంది. మచ్చను కోసేకొద్దీ అది లోతుకు జారి గుండెకు పట్టుకున్నట్టు అతనికి కల వచ్చింది. నిద్రలోని కలవరింతే ఆమె విన్నది. కల మొత్తం గుర్తొచ్చాక అతను తప్పు చేసినవాడిలా ఆమె ఎదుట కూర్చుంటాడు.

ఎంత ప్రమాదమైనా సరే ప్రయత్నించమని ఆమే అన్నది, నిజమే. కానీ ప్రయోగశాల సన్నివేశం చూడండి. కొలిమి దగ్గర పాలిపోయి ఆత్రంగా పనిచేస్తున్న భర్త వద్దకు ఆమె పిలవకుండానే వస్తుంది. నామీద నమ్మకం లేదా అని అతను విరుచుకుపడతాడు. నమ్మనిది మీరేనని ఆమె తిప్పికొడుతుంది. అప్పుడు బయటపెడతాడు: బలమైన మందులు ఇప్పటికే ఇచ్చేశాడు, ఇక ఒక్కటే మిగిలింది. ముందే చెప్పకపోవడానికి కారణం, ప్రమాదం ఉండటమే! గైడ్ ప్రశ్నకు నా జవాబు ఈ పేజీలోనే దొరికింది. ఆమె ఒప్పుకోలును అతను వాడుకున్నాడు, దానికి కావలసిన సమాచారం మాత్రం తన దగ్గరే దాచుకున్నాడు.

ఆ తర్వాత అధ్యాయాల వరుస మార్చేశాను. ముందు 1837 నాటి కథలోని డాక్టర్ హైడెగర్: యవ్వనమిచ్చే నీళ్లని చెప్పి, గతం గుర్తుంచుకోమని హెచ్చరించి మరీ ముసలి అతిథులకు పోస్తాడు, తాను తాగడు. తర్వాత ఎయిల్మర్. చివర 1844 నాటి కథలోని రపాచీని: విషపు మొక్కల మధ్య పెంచి కూతురినే విషంగా మార్చినవాడు, ఆమెను ఒక్క మాటైనా అడగనివాడు.

వైవాలో ఎగ్జామినర్, హాథార్న్ విజ్ఞానానికి వ్యతిరేకి అంటారా అని అడిగారు. కాదన్నాను. ఎయిల్మర్ తన వైఫల్యాలను కూడా నిజాయితీగా రాసుకున్న ప్రయోగాల పుస్తకాన్ని రచయిత ఎంత సానుభూతితో వర్ణించాడో చదివి వినిపించాను. అంత నిజాయితీ భార్యతో మాట్లాడేటప్పుడు ఏమైందన్నదే ఆయన నిలదీత అని చెప్పాను.