పాకానికి థర్మామీటరా?

"నాకు నంబర్ కావాలి, నీ వేళ్లు కాదు."

అమెరికాలోని డెన్వర్‌లో నేను పనిచేసే బేకరీలో మా సీనియర్ ఆవిడ అన్న మాట ఇది. గిన్నెడు చన్నీళ్లలో రెండు చుక్కల కారమెల్ వేసి, ఉండ కడుతుందా లేదా అని చూస్తున్నాను. అందరి ముందూ అనేసరికి మొహం మాడిపోయింది.

పాకం చూడడం నాకు కొత్తా? అనంతపురంలో పుట్టి, చెనిక్కాయ ఉండలు తిని పెరిగినదాన్ని. అవ్వ పొయ్యి ముందు కూర్చుంటే నీళ్ల పళ్లెం పట్టుకుని పక్కన నిలబడే పని నాదే. అరిసెలకైతే పాకం నీళ్లలో మెత్తగా ఉండవ్వాలి. చెనిక్కాయలకైతే ఆ ఉండను పళ్లేనికేసి కొడితే టంగుమనాలి. కారమెల్ ఆ రెండింటికీ నడుమ: నొక్కితే లొంగాలి, వేలికి మాత్రం అంటుకోకూడదు. పంచదారతో పాటు వెన్న, క్రీమ్, కార్న్ సిరప్ పడ్డంత మాత్రాన పాకం పాకం కాకుండా పోతుందా!

ఇక్కడ అక్టోబర్ అంటే కారమెల్ ఆపిల్స్ సీజన్. పుల్లగా ఉండే ఆకుపచ్చ గ్రానీ స్మిత్ పండ్లను వేడినీళ్లలో కడిగి, బాగా తుడిచి, తొడిమ దగ్గర పుల్ల గుచ్చి పాకంలో ముంచుతాం. పైనున్న మైనం పోకపోతే పాకం జారిపోతుంది.

గోడ మీది కార్డులో 245 డిగ్రీల ఫారెన్‌హీట్ అని ఉంది. అలాగే దించితే కారమెల్ పళ్లు ఊడేంత గట్టిగా వస్తోంది. తప్పు ఆవిడది కాదు, ఊరిది. డెన్వర్ 5,280 అడుగుల ఎత్తులో ఉంది. నీళ్లు ఇక్కడ 212 దాకా ఆగవు, 203 దగ్గరే మరిగిపోతాయి. పాకంలో నీరూ అంతే, తక్కువ వేడికే ఇగిరిపోతుంది. 245 చూపించేసరికి పాకం ముదిరి కూర్చుంటుంది. చన్నీళ్ల పరీక్షకు ఈ గొడవే లేదు. అనంతపురంలోనైనా డెన్వర్‌లోనైనా ఉండ కట్టిందంటే కట్టినట్టే.

ఈ మాటే చెప్పాను. ఆవిడ నమ్మలేదు. అలాగని కొట్టిపారేయనూ లేదు. నీళ్లు మరగబెట్టి థర్మామీటర్ పెట్టి చూసింది. తొమ్మిది డిగ్రీలు తేడా. కార్డు మీద 245 కొట్టేసి 236 రాసి, మళ్లీ పనిలో పడింది. నిజం చెప్పాలంటే అక్కడ ముచ్చటేసింది. మా వీధిలో అయితే ముందు అరగంట వాదన జరిగేది.

నా నీళ్ల గిన్నెకు మాత్రం చోటివ్వలేదు. వేళ్లు చూసింది రిజిస్టర్‌లో ఎలా రాస్తావు అంటుంది. 2014లో ఈ దేశంలో కారమెల్ ఆపిల్స్ వల్ల 12 రాష్ట్రాల్లో 35 మందికి లిస్టీరియా అనే క్రిమి సోకి జబ్బు చేసిందట. పుల్ల గుచ్చినప్పుడు రసం బయటికొచ్చి పాకానికీ తొక్కకీ మధ్య చేరుతుంది, ఫ్రిజ్‌లో పెట్టకపోతే క్రిములకు అదే మేత. అప్పట్నుంచి ప్రతిదీ రాసి ఉండాల్సిందే అంటుంది. సరే, ఫ్రిజ్ సంగతి రాయండి. ఉండ కట్టిందో లేదో చూసే నా వేలికీ ఆ జబ్బుకీ ఏం సంబంధం? చేతులు కడుక్కునే కదా చూసేది!

ఫోన్‌లో అమ్మకు చెబితే పడిపడి నవ్వింది. "పాకానికి థర్మామీటర్ ఏందిమ్మా, దానికేమన్నా జ్వరమొచ్చిందా?" ఆ తర్వాత అసలు అనుమానం బయటపెట్టింది. "ఆపిలు పండంటే ఆస్పత్రిలో ఉన్నోళ్లకు తీస్కపోయేది. దానికి పాకం పట్టేదేంది? ఆడ చెనిక్కాయలు దొరకవా?"

దొరుకుతాయమ్మా, వేయించి దంచిన చెనిక్కాయ పలుకుల్లోనే పాకం పట్టిన ఆపిల్‌ను చివర్లో దొర్లిస్తాం అన్నాను.

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదా!" అంది.