పేరు నమ్మినవారి ఫిర్యాదులు

నేను కొన్నేళ్లపాటు ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో కస్టమర్ సపోర్ట్ విభాగంలో పనిచేశాను. మా ఉత్పత్తి పేరులో ‘బ్యాకప్’ అనే మాట ఉండేది. అది చేసే పని మాత్రం సింక్. బ్యాకప్ అంటే అసలు పోయినా మిగిలి ఉండే నకలు. సింక్ అంటే ఒకచోట జరిగిన మార్పును, తొలగింపుతో సహా, అన్నిచోట్లా జరిపించడం. ఈ తేడా మాకు తెలుసు, కొన్నవారికి తెలియదు. ఒక కస్టమర్ ఫోన్‌లో చోటు చాలక, బ్యాకప్ ఉంది కదా అన్న ధీమాతో నాలుగేళ్ల ఫోటోలు తొలగించారు. అవి సర్వర్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ అప్పటికప్పుడే పోయాయి. ఆవిడ గమనించి మాకు ఫోన్ చేసేసరికి ట్రాష్‌లో ఉంచే 30 రోజుల గడువు కూడా దాటిపోయింది. నేను ‘డిజైన్ ప్రకారమే పనిచేస్తోంది’ అని రాసి టికెట్ (ఆవిడ ఫిర్యాదు నమోదు) మూసేశాను. అందులో అబద్ధం లేదు. అయితే “మరి ఆ పేరెందుకు పెట్టారు?” అని ఆవిడ అడిగిన ప్రశ్న నింపడానికి మా టికెట్‌లో గడి లేదు.

ఇలాంటివాటిని యూజర్ పొరపాటు కింద జమకట్టడం మా రంగంలో అలవాటు. షరతులు చదవలేదంటాం, సహాయ పేజీ చూడలేదంటాం. కానీ అందరూ తప్పకుండా చదివేది పేరొక్కటే.

2008లో గూగుల్ బ్రౌజర్ క్రోమ్‌తో పాటు వచ్చిన, చూసిన పేజీల చరిత్రను ఆ పరికరంలో దాచని ఇన్‌కాగ్నిటో మోడ్‌నే చూడండి. మీరు చూసే వెబ్‌సైట్లకు, మీరు పనిచేసే సంస్థకు, ఇంటర్నెట్ ఇచ్చేవారికి మీ కదలికలు తెలియవచ్చని ఆ ట్యాబ్‌లోనే రాసి ఉండేది. అయినా అజ్ఞాతం అనే అర్థమున్న పేరు, టోపీ కళ్లద్దాల బొమ్మ, నల్లని తెర కలిసి ఇచ్చే భరోసా ముందు ఆ చిన్న అక్షరాలు నిలబడలేదు. 2020లో అమెరికాలో గూగుల్ మీద దీనిపై దావా పడింది. 2024 నాటి ఒప్పందంలో గూగుల్ వందల కోట్ల బ్రౌజింగ్ రికార్డులను నాశనం చేయడానికి, ఆ హెచ్చరికను తిరగరాయడానికి అంగీకరించింది. పేరు మాత్రం మారలేదు.

2012లో వచ్చిన మైక్రోసాఫ్ట్ విండోస్ ఆర్‌టీ, మామూలు కంప్యూటర్లలో ఉండేవాటికి భిన్నమైన ఏఆర్‌ఎం రకం ప్రాసెసర్ల కోసం తయారైంది కాబట్టి, అంతవరకు వాడుతున్న విండోస్ ప్రోగ్రాములు అందులో ఇన్‌స్టాల్ అయ్యేవి కావు. డెస్క్‌టాప్ చూడటానికి అదే, గుర్తు అదే. రెండక్షరాలు చూసి ఇంత తేడాను ఊహించమనడం అత్యాశ. కార్ల సంస్థ టెస్లా తన డ్రైవింగ్ సాఫ్ట్‌వేర్ ‘ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్’కు 2024లో ‘సూపర్‌వైజ్డ్’ అన్న మాట తగిలించింది; పూర్తిగా తనంతట తానే నడిచేదానికి పర్యవేక్షణ ఎందుకో ఆ పేరు పెట్టినవారే చెప్పాలి.

మా ఉత్పత్తి పేరు మార్చమని నేను రాసిన నోట్‌కు, ‘సింక్’ అంటే అమ్ముడుపోదని మార్కెటింగ్‌వారు జవాబిచ్చారు. చివరికి తొలగించే బటన్ నొక్కగానే “ఇక్కడ తొలగిస్తే అన్ని పరికరాల్లోనూ పోతుంది” అనే వాక్యం కనబడేలా చేశారు. ఫోటోలు పోయాయన్న ఫోన్లు తగ్గాయి. వాటి స్థానంలో వచ్చిన ఫోన్లలో చాలామంది అడిగింది ఒకటే: బ్యాకప్ అయితే ఎందుకు పోతుందని.