ఫోల్డర్ మారింది, ఫోన్లు ఆగలేదు

కడియంలో మా బావగారి నర్సరీకి ఒక వెబ్‌సైట్ ఉంది. మొక్కల పేజీలన్నీ 'టెస్ట్' అనే ఫోల్డర్‌లో ఉండేవి. మొదట్లో సైటు చేసిన కుర్రాడు పరీక్షకని పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. పేరు బాగోలేదన్న ఒక్క కారణానికైతే నేను దాని జోలికి వెళ్లేవాణ్ణి కాదు. కానీ పాత సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్లు ఆగిపోయాయి, కొత్తది 'మొక్కలు' అని వేరే ఫోల్డర్‌లో పెట్టాల్సి వచ్చింది. "ఏమైనా చేసుకో, ఫోన్లు మాత్రం ఆగకూడదు" అన్నారు బావగారు. గూగుల్‌లో మొక్క పేరు వెతికి ఫోన్ చేసేవాళ్లే ఆయన కొత్త గిరాకీ. అందుకే పని ఎండాకాలంలో పెట్టుకున్నాం. వానలు పడి అమ్మకాలు ఊపందుకున్నాక ర్యాంకులు ఊగితే తట్టుకోలేం.

ఫోల్డర్ మారితే అందులోని ప్రతి పేజీ అడ్రసూ మారుతుంది, పాత అడ్రసుకు వచ్చినవాళ్లను కొత్తదానికి మళ్లించాలి. అందుకే ముందు పాత అడ్రసుల జాబితా తీశాను. సెర్చ్ కన్సోల్ (మన సైటు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ టూల్) నుంచి డౌన్‌లోడ్ చేస్తే వెయ్యి వరుసలకు మించి రావు, కాబట్టి ఏ పేజీని ఎప్పుడు అడిగారో సర్వర్ రాసుకునే లాగ్ కూడా తిరగేశాను. ఫొటోల అడ్రసులు చాలామంది వదిలేస్తారు. పూల మొక్కలకు ఇమేజ్ సెర్చ్ నుంచి వచ్చేవాళ్లు తక్కువేం కాదు.

హోస్టింగ్ సపోర్టువాళ్లు "అన్నీ హోమ్‌పేజీకి మళ్లించేయండి సార్, అయిపోతుంది" అన్నారు. అలా చేస్తే గూగుల్ వాటిని సాఫ్ట్ 404 కింద కట్టేసే ప్రమాదం ఉంది, అంటే పేజీ లేనట్టే. ఏ పాత పేజీ దానికి సరిపోయే కొత్త పేజీకే వెళ్లాలి, అదీ 301తో, అంటే 'శాశ్వతంగా మారింది' అని చెప్పే కోడ్‌తో. ఇకపై అమ్మని మొక్కలకు మాత్రం 410 (ఈ పేజీ ఇక లేదు) ఇచ్చాను. రూల్స్ మొదట తాత్కాలిక మళ్లింపు అయిన 302తో పరీక్షించాను, ఎందుకంటే 301ని బ్రౌజర్ గుర్తుపెట్టేసుకుని, రూలు మార్చినా పాత దారికే పోతుంది.

అసలు తలనొప్పి తెలుగు అడ్రసులతో. 'మల్లె' అన్న చిన్న పేరు అడ్రసులోకి వెళ్లేసరికి '%' గుర్తులు పదిహేను ఉన్న తోక అవుతుంది. దాన్ని బ్రౌజర్ నుంచి కాపీ చేసి మా సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీలో అడ్రసులు మళ్లించే రీరైట్ రూల్లో అతికిస్తే పని చేయదు. అపాచీ ఆ గుర్తుల్ని విప్పి అసలు అక్షరాలతో పోల్చుతుంది కాబట్టి రూలు ఎప్పటికీ కలవదు. గమ్యం వైపు పెడితే ఇంకో తంటా: శాతం గుర్తునే మళ్లీ కోడ్ చేసి %25గా మారుస్తుంది, తెరిస్తే 404. రెండువైపులా నేరుగా తెలుగులోనే రాసి, ఆ రూల్స్ ఉండే హెచ్‌టీయాక్సెస్ ఫైలును యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు చెడకుండా దాచే పద్ధతి) సేవ్ చేశాక దారికొచ్చింది.

తర్వాత సైటులోపలి లింకులు, పేజీ అసలు అడ్రసు ఏదో గూగుల్‌కు చెప్పే కెనానికల్ ట్యాగులు, పేజీల జాబితా అయిన సైట్‌మ్యాప్ కొత్త అడ్రసులకు మార్చాను. పాత ఫోల్డర్‌ను రోబోట్స్ ఫైల్లో (సెర్చ్ ఇంజిన్లు ఎక్కడికి రాకూడదో చెప్పే ఫైలు) బ్లాక్ చేయమని ఓ మిత్రుడి సలహా. బ్లాక్ చేస్తే గూగుల్ లోపలికే రాదు, రాకపోతే 301 ఎలా చూస్తుంది? సెర్చ్ కన్సోల్‌లో అడ్రస్ మార్పు టూల్ ఒకటి ఉంది గానీ, అది డొమైన్ మారినప్పుడే, ఫోల్డర్‌కు అక్కర్లేదు.

మొదట్లో క్లిక్కులు కాస్త తగ్గాయి. బావగారికి టెన్షన్, రోజూ పొద్దున్నే ఫోన్. సెర్చ్ కన్సోల్‌లో పాత అడ్రసులు ఒక్కొక్కటే రీడైరెక్ట్ (మళ్లించినవి) జాబితాలోకి జారుతూ, కొత్తవి గూగుల్ ఇండెక్స్‌లోకి ఎక్కుతూ ఉంటే నాకు మాత్రం ధైర్యంగానే ఉంది. తొలకరి నాటికి క్లిక్కులు మామూలు స్థాయికి వచ్చేశాయి.

రీడైరెక్టులు కనీసం ఏడాది ఉంచమంటుంది గూగుల్. నేనైతే తీసేది లేదు. వాట్సాప్ గ్రూపుల్లో, పాత విజిటింగ్ కార్డుల మీద ఇంకా పాత లింకులే తిరుగుతున్నాయి. ఈమధ్య హోస్టింగ్ మార్చాల్సి వస్తే, అపాచీ ఉన్న ప్లానే అడిగి తీసుకున్నాను. ఇంజిన్‌ఎక్స్ అనే ఇంకో సర్వర్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఉన్న సర్వరైతే ఆ హెచ్‌టీయాక్సెస్ ఫైలును అసలు చదవదు, రూల్స్ అన్నీ మళ్లీ దాని పద్ధతిలో రాసుకోవాలి.