నల్ లేని భాష

గ్లీమ్ అని ఒక ప్రోగ్రామింగ్ భాష ఉంది, దాని గురించి ఎవరికైనా చెప్పేదాకా నాకు మనసు కుదుటపడేలా లేదు. నేను చాలా ఏళ్ళుగా జావా మీద బతుకుతున్నవాణ్ణి. ఫంక్షనల్ భాషలంటే ఇష్టమే కానీ హాస్కెల్ జోలికి వెళ్ళినప్పుడల్లా మొనాడ్ అనే కొరకరాని భావన దగ్గరే ఆగిపోయి వెనక్కొచ్చేసేవాణ్ణి. గ్లీమ్‌లో అలాంటి గుమ్మం లేదు, ఒక ఆదివారం కూర్చుంటే భాష దాదాపు మొత్తం చదివేయొచ్చు.

లూయిస్ పిల్‌ఫోల్డ్ మొదలుపెట్టిన భాష ఇది, 1.0 వచ్చింది 2024 మార్చిలో. ఇందులో నల్, అంటే విలువ ఉండాల్సిన చోట ఏమీ లేదని చెప్పే గుర్తు, లేదు. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాష కోసం తానే తెచ్చిన నల్‌ని కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ తర్వాత వంద కోట్ల డాలర్ల పొరపాటు అన్నాడు, నా నెల జీతంలో సగం ఆ పొరపాటు వెనకాల తిరిగినందుకే వస్తుందని నా అనుమానం. ఎక్సెప్షన్‌లు విసిరి పట్టుకోవడం కూడా లేదు, తప్పు జరిగే వీలున్న ఫంక్షన్ రిజల్ట్ (విలువో, తప్పు వివరమో, రెండిట్లో ఒకటి ఉండే పొట్లం) ఇస్తుంది, దాన్ని విప్పి చూడకుండా లోపలి విలువ వాడలేం. లూపులు లేవు, రిటర్న్ లేదు, విడిగా ఇఫ్ కూడా లేదు, దారులు చీల్చాలంటే విలువ ఏ రకమో చూసి ఎంచుకునే కేస్ ఒక్కటే.

పలాసలో మా బావకి జీడిపప్పు వ్యాపారం. ఆయన స్టాకు లెక్కలకి చిన్న ప్రోగ్రాం దీంట్లోనే రాశాను. పప్పుకి ఒక టైపు: గుండు అయితే దానితోపాటు 180, 210, 240, 320 లాంటి నంబరు (పౌనుకి ఎన్ని పప్పులు తూగుతాయో అది, నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దది), లేకపోతే బద్ద, లేకపోతే ముక్క. అంతా అయిపోయిందనుకున్నాక బావ ఫోను. "కాస్త మాడి రంగు మారిన గుండుకి రేటు వేరే బావా, అది కలపలేదేటి?" టైపులో ఒక్క లైను కలిపి కంపైల్ చేశాను. రేటు కట్టే చోట, బిల్లు రాసే చోట, నెలాఖరు స్టాకులో, ఈ కొత్త రకాన్ని ఎక్కడెక్కడ వదిలేశానో కంపైలర్ లైను నంబరుతో సహా మనిషి చెప్పినట్టు చెప్పింది. నేను వెతికింది ఏమీ లేదు! జావా 21లోనూ సీల్డ్ టైపుల (ఏయే రకాలుండొచ్చో ముందే కట్టేసిన టైపుల) మీద స్విచ్ రాస్తే ఇలాంటి తనిఖీ ఉంది, కాదనను, కానీ మా ఆఫీసు కోడ్ ఇంకా జావా 8 దగ్గరే ఉంది, అక్కడైతే ఏదీ సరిపోనప్పుడు పట్టే డిఫాల్ట్ బ్రాంచి ఆ రకాన్ని చప్పుడు చేయకుండా మింగేసేది.

గ్లీమ్ కింద నడిచేది బీమ్, ఎర్లాంగ్ అనే భాషలో రాసిన ప్రోగ్రాంలని నడిపించే ఇంజిన్. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎరిక్సన్‌లో 1986లో మొదలైన భాష ఎర్లాంగ్, బీమ్ మీద ఒక ప్రాసెస్ (విడిగా నడిచే చిన్న పని) చస్తే దాన్ని కనిపెట్టుకుని ఉండే సూపర్‌వైజర్ మళ్ళీ లేపుతుంది. పలాసలో కరెంటు పోతే మాత్రం ఏ సూపర్‌వైజరూ కాపాడదు, డేటాబేస్‌లో రాసుకోవాల్సిందే.

విసుగు లేదా అంటే ఉంది. ఇంటీజర్లు కలపడానికి ఒక ప్లస్, దశాంశాలకి పక్కన చుక్క పెట్టిన ఇంకో ప్లస్. అందుకే డబ్బంతా పైసల్లో ఇంటీజర్‌గా దాచేశాను. జేసన్ (ప్రోగ్రాంలు డేటా ఇచ్చిపుచ్చుకునే ఒక టెక్స్ట్ పద్ధతి) చదవాలంటే దాన్ని మన టైపుల్లోకి మార్చే డీకోడర్ రాసుకోవాలి, అది చేతులు నొప్పెట్టే పని. లైబ్రరీలు జావాతో పోలిస్తే గుప్పెడు.

ఇదే కోడ్ జావాస్క్రిప్ట్‌గానూ మారుతుంది. బావ ఇప్పుడు ఫోనులో చూసుకునేలా కావాలంటున్నాడు కాబట్టి రేటు కట్టే ఫంక్షన్‌లు అలాగే ఉంచి, పైన స్క్రీన్ ఒక్కటి కట్టాలి, ఈ రాత్రికి ఆ పనే.